పొడి జాగా

మా బావ నగరంలో ఏటి ఒడ్డు పార్కుకి తోటమాలి. ఎండాకాలం పంపు నీళ్లు వదిలేది సాయంత్రమే కనుక, జనం షికారుకొచ్చే వేళకి గడ్డంతా తడిపేస్తుంటాడు. అందుకే పెళ్లయినప్పటి నుంచీ అక్క అడుగుతున్న పిక్నిక్ వాయిదా పడుతూనే ఉంది.

ఈసారి బావ ముందే ఆలోచించాడు. పార్కంతా తడిపి, ఏరు బాగా కనబడే చోట మా దుప్పటి పరిచేంత జాగా మాత్రం పొడిగా వదిలేశాడు. ఆ తెలివికి భుజం తట్టింది నేనే, నా బుద్ధి మండ!

పిల్లలతో, అన్నం గిన్నెలతో మేం వెళ్లేసరికి అక్కడ ఎవరో కుటుంబమంతా కాళ్లు బారజాపుకుని కూర్చున్నారు. వచ్చినవాళ్లకి కనబడే పొడి జాగా అదొక్కటే మరి! బావ పైపు పట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నాడు.

“లేవమని చెప్పండి,” అంది అక్క.

“ఏమని చెప్పను? పార్కు అందరిదీ కదే,” అని నీళ్లు నమిలాడు బావ.

అంతలో వాళ్లలో పెద్దాయన కేకేశాడు: “ఏమయ్యా, పైపు అటు తిప్పు, మా మీద చుక్కలు పడుతున్నాయి!”

బావ చటుక్కున పైపు ఇటు తిప్పాడు. నీళ్లు మా కాళ్ల మీద పడ్డాయి.

అక్క చీర కుచ్చిళ్లు పిండుకుంటూ అంది: “వచ్చే ఏడు మన జాగా ఒక్కటే తడపండి. ఎలాగూ మనం కూర్చునేది తడిలోనేగా!”