టోక్యో నుంచి పది గంటలు

మా జాగ్రఫీ సార్ పోయారని వాట్సాప్‌లో చూసి నేను నమ్మలేదు. రాసిందెవరో, ఎవరు చెప్పగా రాశారో తెలియకుండా నమ్మొద్దని నేర్పింది ఆయనే. ముగ్గురికి ఫోన్ చేశాను. ముగ్గురూ అదే మాట అన్నాక ఏడుపొచ్చింది.

చిక్కడపల్లిలో ఓ మేడ మీది గదిలో పోటీ పరీక్షల పిల్లలకు పాఠాలు చెప్పేవారు. నేను అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. ఏ గైడు తీసుకెళ్లినా అట్ట తిప్పి చూసి, "రాసినోడు కొలిచిండా, ఇంకోడిది చూసి దించిండా?" అనేవారు. చాయ్ బండి దగ్గర కూడా పాలెక్కడివని రోజూ ఆరా తీసేవారు.

ఒకరోజు క్లాసులో అన్నారు, టోక్యోలో సాయంత్రం ఐదుకు విమానం ఎక్కితే, మధ్యలో తేదీ రేఖ దాటుతారు గనక, లాస్ ఏంజిల్స్‌లో అదే రోజు పొద్దున పదకొండుకు దిగుతారట. ప్రయాణం పది గంటలు. తిరిగొచ్చేటప్పుడూ దూరం అదే, ఎనిమిదివేల ఎనిమిదివందల కిలోమీటర్ల పైచిలుకు. కానీ ఇంకో రెండు గంటలు ఎక్కువ పడుతుందట. నాకు అనుమానం. జన్మలో విమానం ఎక్కని మనిషి ఈయన! భూమి తూర్పుకు తిరుగుతుంటే, పడమటికి వచ్చే విమానానికి ఊరే ఎదురు రావాలి, టైము తగ్గాలి కదా అని వాదించాను.

"భూమి తోటి గాలి గూడ తిరుగుతదమ్మా. నడుస్తున్న బస్సుల ఎగిరి చూడు, వెనక సీట్ల పడతవేమో" అన్నారు. పైన పడమటి నుంచి వీచే పెనుగాలి పోయేటప్పుడు తోస్తుందని, వచ్చేటప్పుడు ఎదురు కొడుతుందని చెప్పారు. నారాయణగూడలో బస్సెక్కి నిజంగానే ఎగిరాను. ఎగిరిన చోటే దిగాను. కండక్టరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. సార్‌తో చెబితే నవ్వారు. అయినా నా అనుమానం చావలేదు.

ఖర్మ, ఆ ప్రశ్నే పరీక్షలో వచ్చింది. నా తెలివినే నమ్ముకుని తప్పు పెట్టాను. ఒక్క మార్కుతో ఉద్యోగం పోయింది. సార్ అడిగితే మాత్రం సిగ్గేసి, మీరు చెప్పిందే పెట్టానన్నాను. పాలను కూడా నమ్మని మనిషి నన్ను మళ్లీ అడగలేదు. తెలిసే ఊరుకున్నారేమోనని ఇప్పటికీ నాకు అనుమానం.

తర్వాత ఇంకో పరీక్షలో ఉద్యోగం వచ్చింది. మిఠాయి పట్టుకెళ్లిన రోజు నిజం చెప్పేద్దామనుకున్నాను. ఈలోగా ఆయనే పిల్లల ముందు నన్ను నిలబెట్టి, నమ్మక బస్సులో ఎగిరి చూసి, ఆనక సరిగ్గా రాసిన పిల్ల అని మురిసిపోయారు. మిఠాయి పంచేసి వచ్చేశాను. ప్రతి బ్యాచ్‌కూ ఆ కథ చెప్పేవారట.

మొన్న పరామర్శకు వెళ్తే, ఆయన ఇంటి మెట్ల మీద ఈ ఏటి బ్యాచ్ పిల్లలు కూర్చుని ఉన్నారు. బస్సులో ఎగిరింది నేనేనని చెప్పాను. జవాబు తప్పు రాశానని, సార్‌తో అబద్ధమాడానని కూడా చెప్పేశాను. గుండె తేలికవుతుందనుకున్నాను.

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఓ అమ్మాయి లేచి నా దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"సార్ మాకు గట్ల చెప్పలే, ఆ అక్క సరిగ్గనే రాసిందన్నరు" అంది. "మీరు నిజంగ ఆ అక్కేనా?"

మెట్ల మీద మిగతా పిల్లలంతా నా జవాబు కోసం చూస్తున్నారు.