తడి గోనె కింద

నా చిన్నప్పుడు ఎవరెవరు నన్ను ఏమేమన్నారో ఒక్కటీ మరిచిపోలేదు. మరిచిపొమ్మని సలహా ఇచ్చేవాళ్లంతా అన్నవాళ్లే తప్ప పడ్డవాళ్లు కారు. కానీ మొన్న ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డు పక్కన సిమెంటు సామాను అమ్మే దుకాణంలో నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది నేను పడ్డ మాట కాదు. నా వల్ల ఇంకొకరు పడ్డ మాట.

మా అబ్బాయి బొంగులూరు దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి ముందర రెండు పూలమళ్లు, వాటి చుట్టూ పాతడానికి అంచు బిళ్లలు కావాలి. ఆ దుకాణంలో ఉన్న రకాలు చూస్తే నవ్వొచ్చింది. సిమెంటును మొద్దులాగా పోసి, మీద బెరడు గీతలు గీసి, గోధుమరంగు పూశారు. ఇంకొకటి గులకరాళ్లు పేర్చినట్టు నటించే సిమెంటు. సిమెంటుకు సిమెంటులాగా కనబడటం నామోషీ అయిపోయింది. తాళంచెవితో ఒక బిళ్ల మూల గీకాను. రంగుతో పాటు పొడి రాలింది.

"గట్ల గీకుతరా అమ్మా, కొత్త మాల్ అది," అన్నాడు ఓనరు.

"కొత్తదైతే రాలుతదా?" అన్నాను.

నాకు జవాబు చెప్పే ధైర్యం లేక, వెనక పైపు పట్టుకుని బిళ్లల మీద నీళ్లు కొడుతున్న ఆడమనిషి మీద పడ్డాడు. "నీకెన్నిసార్లు చెప్పాలె? నీళ్లు నువ్వు సక్కగ కొట్టవు, మాట నేను పడాలె." ఆమె పైపును పక్క వరస మీదికి తిప్పింది. మామూలుగా అయితే నేనూ ఆమెకు రెండు మాటలు తగిలించేదాన్ని. ఆ రోజు ఆ నీళ్లవైపే చూస్తూ నిలబడ్డాను.

మా నాన్నకు అన్న, మా పెద్దబాపు, ఇదే పని చేసేవాడు. బావుల్లోకి దించే సిమెంటు గాజులు, అంటే వరలు, కిటికీలకు జాలీలు అచ్చుల్లో పోసేవాడు. ఒక ఎండాకాలం బడి పెద్దసారు కబురు పంపాడు. జెండా గద్దె చుట్టూ పూలమళ్లు వేస్తున్నారు, అంచుకు నెలవంకలాంటి బిళ్లలు కావాలన్నాడు. అవి బాగుంటే బడి కిటికీల జాలీలన్నీ నీకే అని కూడా అన్నాడు. అంత పెద్ద పని పెద్దబాపుకు అంతకుముందు ఎన్నడూ రాలేదు.

ప్రతి బిళ్ల మీదా, పచ్చిగా ఉండగానే, కట్టె అచ్చుతో ఒక తామరపువ్వు అద్దాలి. ఆ పని పెద్దబాపు తన కూతురికి, మా అక్కకు, ఇచ్చాడు. నేను అచ్చు కోసం చేయి చాపితే, "నీ చేతుల నిదానం లేదు బిడ్డా, నువ్వు నీళ్లు కొట్టు," అన్నాడు. పువ్వులు దానికి, బకెట్టు నాకు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ మాట ఇప్పటికీ అదే గొంతుతో వినబడుతుంది.

పోసిన సిమెంటు గట్టిపడాలంటే దినాల తరబడి తడి ఆరకూడదు. బిళ్లల మీద గోనెసంచులు కప్పి నీళ్లు కొట్టాలి. పెద్దబాపు బావి గాజుల పని మీద వారం రోజులు కందుకూరు పోతూ నాకు అప్పజెప్పాడు. "పొద్దుగాల, పగటీలి, మాపటికి. గోనె ఎత్తి కిందిదాకా తడుపాలె. పైకెల్లి చల్లితే సంచికి దూప తీరుతది, సిమెంటుకు తీరదు."

మొదటి రోజు మూడు పూటలా తడిపాను. రెండో రోజు అక్క తన పువ్వులు ఎండలో మెరుస్తున్నాయా లేదా అని గోనె ఎత్తి చూసుకుంటుంటే నాకు ఒళ్లు మండింది. దాని పువ్వులకు నేనెందుకు బావి నుంచి నీళ్లు తోడాలి? ఆ తర్వాత పెద్దమ్మ చూస్తున్నప్పుడు మాత్రమే సంచుల మీద ఒక చెంబెడు చల్లాను. పెద్దబాపు తిరిగొచ్చే పొద్దున సంచుల నుంచి నీళ్లు కారేటట్టు తడిపి పెట్టాను.

ఆయన వచ్చి సంచి మీద చేయి వేశాడు.

"మూడు పూటలా కొట్టినవా బిడ్డా?"

"కొట్టిన పెద్దబాపు."

అక్క ముందరే నా తల నిమిరి, కందుకూరు నుంచి తెచ్చిన రిబ్బను నాకే ఇచ్చాడు.

బిళ్లల్ని బండి మీద బడికి చేర్చి, మడి చుట్టూ పాతుతున్నారు. గట్టిగా కూర్చోవాలని పెద్దబాపు మొదటి బిళ్ల నెత్తిన కట్టెసుత్తితో కొట్టాడు. నెలవంక కొన విరిగి పడింది. రెండోదీ అంతే. మూడోది పువ్వు మధ్యకు చీలింది. పెద్దసారు ఆ ముక్కను చెప్పు కొనతో తోశాడు.

"ఏమయ్యా మేస్త్రీ, సిమెంటు పోసినవా, పేలాలపిండి పోసినవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పూలమళ్లకు నాలుగు బిళ్లలు పోయించుకునే ఆ పెద్దమనిషి, ఊళ్లో సగం బావులు కట్టినవాణ్ని అన్న మాట అది. పెద్దబాపు విరిగిన ముక్క తీసి, లోపలి వైపు వేలితో రుద్దాడు. తెల్లగా పొడి రాలింది. నా వైపు చూశాడు. నా జడకు ఆయన రిబ్బనే ఉంది.

"గోనె ఎత్తి చూసుకోవాల్సినోన్ని నేను సారూ. చూసుకోలే. తప్పు నాదే, మల్ల పోస్త," అన్నాడు.

ఇంటికొచ్చాక తిడతాడని ఎదురుచూశాను. తిడితే ఆ తిట్టును నేను జీవితమంతా దాచుకుని, ఆయన మీద కోపంతో హాయిగా ఉండేదాన్ని. ఆయన ఆ వీలు కూడా ఇవ్వలేదు. మళ్లీ బిళ్లలు పోసి, ఈసారి కట్టె అచ్చు నా చేతికిచ్చాడు. నీళ్లు తనే కొట్టాడు. నేను అద్దిన పువ్వులన్నీ వంకరగా వచ్చాయి. ఆయన సరిచేయలేదు. ఆ బిళ్లల్లో ఒక్కటీ విరగలేదు, నేను ఆ బడి వదిలేదాకా వంకర పువ్వులతో జెండా గద్దె చుట్టూ అట్లాగే ఉన్నాయి. జాలీల పని మాత్రం పట్నం నుంచి వచ్చినవాడికి పోయింది. నీళ్లు కొట్టలేదని పెద్దబాపుకు నేను ఎన్నడూ చెప్పలేదు. ఆయన ఎన్నడూ అడగలేదు.

దుకాణంలో ఓనరు ఇంకా ఆమెను కసురుతూనే ఉన్నాడు. "గోనె ఎత్తి చూసుకోవాల్సినోనివి నువ్వు," అన్నాను. అర్థం కాక నన్ను ఎగాదిగా చూశాడు. ఆ చూపునూ గుర్తుపెట్టుకున్నాను. మూలన రంగూ పువ్వూ లేని బోడి బిళ్లలు కొన్ని నాచు పట్టి పడి ఉన్నాయి. చాలా వానలు తిన్నవి. గీకితే తాళంచెవే అరిగింది. అవే తీసుకున్నాను. మా కోడలికి నచ్చలేదు, ఆ సంగతీ మరిచిపోను.

పెద్దసారు అన్న మాటను పెద్దబాపు ఎప్పుడో వదిలేసి ఉంటాడు. నేను వదల్లేదు. అది నాకు రావాల్సిన మాట.