బూజు చల్లిన అల్లుడు

నన్ను వద్దన్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఏడో తరగతిలో బడి వద్దంది. తర్వాత కరెంటు మగ్గాల సేటు వద్దన్నాడు. పెళ్లిచూపుల్లో రెండిళ్లవాళ్లు చాయ్ తాగించి మరీ వద్దన్నారు. వీటికి అలవాటు పడిపోయాను గానీ, కోళ్లు కూడా వద్దనడం మాత్రం ఆ ఏడాదే మొదలు.

కోళ్లంటే కోళ్లే వచ్చి చెప్పలేదు. వాటి తరఫున దాణా మిల్లు మనిషి మాట్లాడాడు. బోథ్ దగ్గర మా మామ మెట్ట చెలకలో నేను పండించిన మక్కలను, అంటే మొక్కజొన్నలను, కరీంనగర్ దిక్కు మిల్లుకు పంపితే, పోయిన బండి పోయినట్టే తిరిగొచ్చింది. గింజల్లో ఆకుపచ్చ బూజు ఉందట. అది విషం కక్కుతుందట. ఆ దాణా తింటే కోళ్ల కాలేయం పాడవుతుందట. ఆ విషానికో పెద్ద పేరు చెప్పాడు, నా నోరు తిరగలేదు.

నేను కరీంనగర్ వైపు సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసే ఇంట్లో పుట్టి, ఒక్కతే బిడ్డ ఉన్న ఇంటికి ఇల్లరికం వచ్చినవాణ్ని. దారం తెగితే ముడి వేయడం వచ్చు. మక్కకు ఎక్కడ ముడి వేయాలో తెలియదు. తిరిగొచ్చిన బస్తాలన్నీ వాకిట్లో దించాక, మామ వాటి మీదే కూర్చుని తీర్పు చెప్పాడు.

"ఇంకొక్క పంట చూస్త అల్లుడు. గీ సారి గూడ వాపస్ వస్తె చెలకల పత్తి వెడ్త, నేనే చేస్కుంట. నువ్వు మీ దిక్కు వొయ్యి సాంచె నడుపుకో. నా బిడ్డ రానంటె గది మీరిద్దరు సూస్కోన్రి."

నాతో వస్తావా అని మా ఆవిడను అడిగాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ, "సాంచెల కాడ మస్తు చప్పుడుంటదట గదా," అంది. రానని అర్థమైంది. ఆ రోజు నుంచి నాకు మక్కల మీద భక్తి పుట్టింది.

మళ్లీ మక్కలు వేశాక, వాటి మీద ప్రయోగాలు చేసే ఒక మేడమ్ మా మండలానికి వచ్చింది. ఆమె చెప్పిందాంట్లో నాకు తలకెక్కింది ఇది. బూజుల్లో విషం కక్కేది ఉంది, కక్కనిదీ ఉంది. రెండూ మన మట్టిలోవే. కక్కనిదాన్ని వెతికి పట్టుకొచ్చి, వేయించిన జొన్నలకు పట్టించి, మక్కకు పూత రాకముందే తడి నేల మీద చల్లాలి. అది ముందుగా చోటు పట్టేస్తే, చెడ్డది కంకి మీదికెక్కడానికి జాగా దొరకదు. నేను ఆ ప్రయోగానికి పేరు రాయించుకుని, బూజు పట్టించిన జొన్నల సంచి ఒకటి భుజానేసుకుని ఇంటికొచ్చాను.

మామకు అది నా పద్ధతిలో చెప్పాను. "బస్సు ఆగంగనే కిటికీల కెల్లి దస్తీ ఏసి సీటు ఆపుతం గదా మామా. గీ మంచి బూజు గట్లాంటి దస్తీ."

మామ ఆలోచించాడు. "ఎవడన్న నీ దస్తీ పక్కకు జరిపి కూసుంటె?"

"అందుకే ఒక్క దస్తీ కాదు. బస్సు నిండ దస్తీలే."

"సరే. మంచి బూజు ఏ రంగుల ఉంటది?"

"ఆకుపచ్చ."

"చెడ్డది?"

"అది గూడ ఆకుపచ్చనే."

"మరెట్ల గుర్తువడ్తరు?"

"చూస్తె తెల్వదట మామా. చదువుకున్నోళ్లు పరీక్ష చేసి చెప్తరట."

"అల్లుళ్ల సంగతి గూడ గంతే," అన్నాడు మామ. "మన దగ్గర పరీక్ష లేకపాయె. అయినా మన మట్టిల ఉన్నదాన్నే మళ్ల మన మట్టిల ఏసుడేంది, చెర్ల నీళ్లు దెచ్చి చెర్ల వోసినట్టు."

నవ్వుకుంటూ సంచిని కొట్టంలో పెట్టాను. పొద్దున చల్లుదామనుకున్నాను. ఇక్కడ మా అత్త గురించి చెప్పాలి. మా అత్త నాతో సూటిగా మాట్లాడదు. అల్లుడి ముందు నోరు విప్పడం మర్యాద కాదని ఆమె లెక్క. నాకేమైనా చెప్పాలంటే మా ఆవిడతో చెబుతుంది, మా ఆవిడ నాకు చెబుతుంది. ముగ్గురం ఒకే గదిలో ఉన్నా అంతే. మర్నాడు మా ఆవిడ లేదు, పొద్దున్నే ఇచ్చోడలో చుట్టాలింటికి పోయింది. అంటే ఆ ఒక్కరోజు ఇంట్లో లైను కట్ అన్నమాట.

పొద్దున్నే మామ నన్ను బోథ్‌కు తోలాడు, యూరియా కోసం. వరుసలో నిలబడి నిలబడి మధ్యాహ్నం దాటాక ఇంటికొస్తే, వాకిట్లో మంచం మీద పాత చీర పరిచి ఉంది. దాని మీద జొన్నలు ముత్యాల్లా మెరుస్తున్నాయి. ఒక్క గింజ మీద ఒక్క ఆకుపచ్చ చుక్క లేదు.

అత్త కొట్టం దగ్గర నిలబడి బర్రెతో మాట్లాడుతోంది. నాకు వినబడాలనే.

"సూసినవా? ఎవడో అల్లునికి బూజు వట్టిన జొన్నలు అంటగట్టిండు. పాపం, ఆయనకేం తెలుసు, సాంచెల కాడ పెరిగినోడు. నాలుగు నీళ్లల్ల కడిగిన. మాపటికి గిర్నిల వట్టిస్తె రొట్టెలకు వస్తయ్."

బర్రె నా వైపు చూసింది. జవాబు నేనే చెప్పాలి గనక నేనూ బర్రెతోనే అన్నాను. "రొట్టెలు వద్దని చెప్పవే. గవి తినేటివి కావు. గా బూజే మందు. గది కడిగితె నన్ను గూడ కడిగినట్టే."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. సాయంత్రం మా ఆవిడ వచ్చాక అత్త కబురందింది: "అవ్వ పరేషాన్ అయితుంది. బూజు మళ్ల వట్టేదాంక గా జొన్నలను తడిపి మూల పెడ్దమా అని అడుగుతుంది."

ఆ బూజు ఏ బూజో ఎవరికి తెలుసు? మేడమ్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"మొత్తం కడిగేశారా?"

"మా అత్త కడిగితే మొత్తమే మేడమ్. గిన్నెల మీద పేర్లు గూడ మిగల్లేదు మా ఇంట్ల."

మక్కలు అప్పటికే భుజం దాటాయి. పూత వచ్చేస్తే ఇక చల్లినా పెద్దగా లాభం లేదని ఆమే చెప్పింది. ఆదిలాబాద్‌లో ఇంకో సంచి ఉంది, వస్తే ఇస్తానంది. పోయి తెచ్చాను. బస్సులో కండక్టర్ సంచిని కాలితో జరుపుతూ ఏముందని అడిగాడు. బూజు అన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. అతను కాలు తుడుచుకున్నాడు.

ఈసారి ఇంటికి తేలేదు. బస్సు దిగి నేరుగా చెలకకే పోయాను. ముందురోజు జల్లు పడి నేల తడిగా ఉంది. సాళ్ల మధ్య చల్లుకుంటూ పోతుంటే పక్క చేను పెద్దమనిషి గట్టు మీద ఆగాడు.

"ఏం చల్లుతున్నవ్ అల్లుడు?"

"బూజు బాబాయ్."

"మా ఇంట్ల అటక మీద మస్తుగున్నది. చెప్తె ఊకెనే ఇస్తుంటి గద."

కోతల నాటికి ఊళ్లో నా పేరు మారిపోయింది. బూజల్లుడు అన్నారు. పిలిస్తే పలికాను. కంకులు కోశాక మట్టి మీద వేయకుండా తాటిపత్రి పట్టా పరిచి, గింజ కొరికితే టక్కుమనేదాకా ఎండబెట్టాం. ఆ పని అత్త చూసింది. ఎండబెట్టడంలో ఆమెకు మించినవాళ్లు లేరని నాకు ముందే రుజువైంది.

మిల్లు మనిషి ఈసారి తనే వచ్చాడు. బస్తా బస్తాలో నుంచి గింజలు తీసి, పొడి చేసి, ఏదో నీళ్లలో కలిపి, అందులో విషం ఉంటే తెలిపే సన్నటి పట్టీ ముంచాడు. మామ బీడీ వెలిగించి తాగడం మరిచాడు. మా ఆవిడ గడపలో నిలబడింది. నేనొక్కణ్ని జోకు వేద్దామని నోరు తెరిచి, దానికి బదులు బస్తాలు లెక్కపెట్టాను.

అతను పట్టీని ఎండలోకి పట్టుకుని చూశాడు. "మంచిగనే ఉన్నయ్. కాంటా పెట్టున్రి."

బస్తాలు బండికెక్కుతుంటే ఎవరివల్ల గట్టెక్కామన్న పంచాయితీ మొదలైంది. ఎండబెట్టడం వల్లే అని అత్త మా ఆవిడతో చెప్పింది. కాలం మంచిగైంది అన్నాడు పక్క చేను పెద్దమనిషి. బూజు అన్నాను నేను. అన్నీ కలిసే అయ్యుంటుందని మేడమ్ ఫోన్‌లో అంది, దానితో ఎవరికీ తృప్తి కలగలేదు.

బండి కదిలాక నాకు జోకులూ మాటలూ తిరిగొచ్చాయి. మామ పక్కన కూర్చుని, బూజు ఎట్లా పాకింది, నేను ఎట్లా చల్లాను, ఊరు ఎట్లా నవ్వింది, అన్నీ మొదటి నుంచి చెప్పి, చివర్న అడిగాను. "ఇగ జెప్పు మామా. నేను సాంచె కాడికి పోవాల్నా, చెలకల ఉండాల్నా?"

మామ ఆరిపోయిన బీడీని మళ్లీ వెలిగించాడు.

"వాగు అవతలి చెలక గూడ నువ్వే జెయ్," అన్నాడు. "గక్కడికెల్లి మాట్లాడితె నాకు వినవడది."