లోపల కూడా సాన పట్టించిన గంజు

నేను బియ్యం అమ్మేవాణ్ణి. గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, ఊది, ఒకటి కొరికి, అవి ఎన్ని నెలల పాతవో చెప్పగలను. బీదర్ బజారులో మా నాన్న దుకాణంలోనే ఆ విద్య నేర్చుకున్నాను. ఇంత తెలిసినవాడికి యాభై ఏళ్లు దాటేదాకా అన్నం వండడం మాత్రం రాలేదు. మా ఇంట్లో మగవాళ్లకు బియ్యం బస్తా దగ్గర మొదలై కంచం దగ్గర కనబడేది. మధ్యలో ఏం జరిగేదో మాకు పట్టేది కాదు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పడుతుండగా నా భార్యకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం మూడు వారాల్లో తగ్గింది గానీ ఆకలి తిరిగి రాలేదు. కూతురు వచ్చి ఉన్నన్నాళ్లు ఉండి తన ఇంటికి వెళ్లిపోయాక, బీదర్ పక్కన చిద్రిలో మా ఇంట్లో మేమిద్దరం, ఒక కుక్కరు మిగిలాం. మూడు విజిళ్లకు దింపాలని కూతురు గోడ మీద రాసి అంటించి పోయింది. నేను దింపేవాణ్ణి. నా భార్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఆవిరి వాసన వస్తుందని కంచం పక్కకు జరిపేది.

అక్కడ మా బేరం మొదలయ్యేది. నేను పది ముద్దలు అనేవాణ్ణి. ఆమె రెండు అనేది. ఎనిమిదికి దిగేవాణ్ణి, ఆమె మూడుకు వచ్చేది. చివరికి నాలుగు దగ్గర తెగేది. ఆ నాలుగూ ఎంత చిన్నవి చేసేదంటే, దుకాణంలో ఎవరైనా నాకు అలాంటి తూకం వేస్తే తగవు పెట్టుకునేవాణ్ణి. ఇంట్లో మాత్రం నోరు మూసుకుని కంచం తీసేవాణ్ణి.

తినకపోవడం కంటే ఎక్కువ భయపెట్టింది ఇంకొకటి. ముందరి మాట ఏది ఎత్తినా ఆమె పట్టించుకోవడం మానేసింది. చలికాలానికి జొన్నలు ఎన్ని తేవాలంటే మీ ఇష్టం అనేది. ఎండాకాలం మామిడికాయ తొక్కుకు ఈసారి జాడీలు కొత్తవి తీసుకుందామా అని ఊరికే అడిగితే, అప్పటి సంగతి కదా అని గోడ వైపు తిరిగింది. ఆ వారంలోనే బీరువా తాళం ఎక్కడుంటుందో, కూతురి గాజులు ఏ డబ్బాలో ఉన్నాయో, అడగకుండానే నాకు చెప్పింది. నేను వింటున్నట్టు తలూపి, వాకిట్లోకి వచ్చి చాలాసేపు నిలబడ్డాను.

ఒక పొద్దున మాత్రం తనంతట తనే అంది.

"మా అమ్మ ఇనుప గంజుల వండిన అన్నమైతే తింటనేమో."

తీసుకుంటానేమో అన్న గిరాకీని దుకాణం మెట్లు దిగనిచ్చేవాణ్ణి కాదు నేను. ఆ 'ఏమో'ని పట్టుకుని ఆ పూటే బస్సెక్కాను.

మా అత్తగారు పోయి ఆరేళ్లయింది. ఆమె అన్నం వండే ఆ లోతు గిన్నె, మా వైపు గంజు అంటాం, చిట్గుప్ప అవతల పల్లెలో, నా భార్య వాళ్ల అన్న ఇంట్లో ఉంది. నా భార్య వదినెగారు నన్ను అన్నా అంటుంది. నేను ఆమెను అక్కా అంటాను. ఎవరు పెద్దో ఇరవై ఏళ్లుగా తేలలేదు, తేల్చుకునే పని కూడా పడలేదు. వాడుతున్న గంజును ఊరికే ఎవరిస్తారని, బదులుగా ఇవ్వడానికి పది కిలోల పాత సోనా మసూరి సంచిలో వేసుకుని వెళ్లాను. ముందు ఐదు కిలోలు చూపించాలి, బిగిస్తే మిగతావి తీయాలి అని దారంతా లెక్క కట్టుకున్నాను.

నేను సంచి విప్పకముందే ఆమె గంజు నా ముందు పెట్టేసింది. అందులో ఉన్న అన్నం వేరే గిన్నెలోకి తీసి, కడిగి, పొయ్యి సెగకు ఆరబెట్టి మరీ తెచ్చింది. పోత ఇనుముది. రెండు చెవులు, లావు అంచు, ఒక చేత్తో ఎత్తలేనంత బరువు. లోపలా బయటా నల్లగా ఉంది. సబ్బు ముట్టించొద్దని, ఒట్టి నీళ్లతో కడిగి చేతికింత నూనె రాయమని చెప్పింది. బియ్యానికి నీళ్లెన్ని, గంజి ఎప్పుడు వార్చాలి, సెగ ఎప్పుడు తగ్గించాలి, అన్నీ చెప్పింది. దుకాణంలో గిరాకీలు నా మాటలు విన్నట్టే నేనూ విన్నాను, అంటే అవునవునని తలూపుతూ. బియ్యం ఇవ్వబోతే, ఆడబిడ్డ అమ్మ గంజుకు ధర కడతారా అని సంచి నా భుజం మీదే పెట్టింది. వాకిట్లోకి వచ్చాక ఒకటే మాట అంది.

"అన్నా, ఆమె తిన్నంక గంజు ఆమెనే తేవాలె. మీరు తెస్తే నేను తీస్కోను."

ధర అడగకుండా ఎవరైనా సరుకు ఇచ్చేస్తే, సరుకులో ఏదో లోపం ఉందని అనుమానించే జాతి మాది. బస్సులో కూర్చుని గంజు మూత తీసి చూశాను. మసిలాంటి నలుపు. నలభై ఏళ్ల మురికి అనుకున్నాను. మా నాన్న ప్రతి శుక్రవారం ఇత్తడి తక్కెడను చింతపండుతో తోమించేవాడు. మెరవని వస్తువు గల్లా మీద ఉంటే చచ్చిన వస్తువే అనేవాడు. జబ్బు మనిషికి ఇందులో వండి పెట్టడమేమిటి? సబ్బు పెట్టొద్దంది, నిజమే. సాన పట్టొద్దని అనలేదు కదా. ఇలాంటి సందులు వెతకడంలో నన్ను మించినవాడు బజారులో లేడు.

బీదర్‌లో దిగి, పాత ఊరి గల్లీలో సాన చక్రం పెట్టుకున్న ముసలాయన దగ్గరికి వెళ్లాను. బయట మెరిపించడానికి ఆయన ఒక ధర చెప్పాడు. నేను సగానికి అడిగాను. ఆయన కాదన్నాడు. నేను గంజు ఎత్తుకుని నాలుగు అడుగులు నడిచాను. ఆయన పిలిచాడు. ఆ నాలుగు అడుగులు ఎప్పుడూ వృథా పోలేదు నాకు. దిగివచ్చిన ధరకే లోపల కూడా చేసివ్వాలన్నాను. ముసలాయన గంజులోకి చూశాడు, నా ముఖంలోకి చూశాడు.

"అందర్ రహనే దేవ్ సేట్, అచ్ఛా హై."

లోపల అట్లాగే ఉండనివ్వు, బాగుంది అంటున్నాడు. పని ఎగ్గొట్టే ఎత్తు అనుకున్నాను. ఇంతమందిని చూసినవాణ్ణి, నా దగ్గరా అని నవ్వి, చక్రం ముందు స్టూలు వేసుకుని కూర్చుని, అంగుళం వదలకుండా చేయించాను. చివరికి గంజు అడుగున నా ముఖం కనబడింది. ఎంత గెలుపు ముఖమో అది.

నేను ఇల్లు చేరేసరికి నా భార్య నిద్రపోతోంది. చప్పుడు కాకుండా గ్యాస్ పొయ్యి మీద గంజు పెట్టి ఎసరు పోశాను. నీళ్లు కాగాక బియ్యం వేశాను. వదినెగారు చెప్పిందంతా చెప్పినట్టే చేశాను. మూత తీసేసరికి అన్నం బూడిద రంగులో ఉంది. అడుగున గంటె దిగలేదు. ఇల్లంతా తడిసిన ఇనుప మేకుల వాసన.

గిన్నె దాచేద్దామా అనుకునేలోపు లోపలి నుంచి నా భార్య గంజు వచ్చిందా అని అడిగింది. అన్నంతో సహా తీసుకెళ్లి మంచం పక్కన పెట్టాను. ఆమె అన్నం వైపు చూడలేదు. అంచు మీద వేలు పెట్టి మెల్లగా తిప్పింది.

"లోపట గూడ చేయించిండ్రా?"

చేయించానన్నాను. ఎంతకు అని అడిగింది. బయటి ధరకే అన్నాను. ఆ సమయంలో కూడా నా గొంతులో కాస్త గొప్ప వినబడి ఉంటుంది. ఎందుకంటే ఆమె పెదవులు కదిలాయి. నవ్వు మొదలైంది, పొట్ట పట్టుకుంది, కళ్లలో నీళ్లొచ్చాయి. ఎక్కడ నవ్వు ఆగి ఎక్కడ ఏడుపు మొదలైందో నాకు తెలియలేదు.

"మా అమ్మ నలభై ఏండ్లు చేసిన నలుపు, సేటూ. మీరు ముఫ్త్‌ల గీకిచ్చిండ్రు."

పెళ్లైనప్పటి నుంచి ఎత్తిపొడవాల్సి వచ్చినప్పుడల్లా సేటూ అనేది. జబ్బు పడ్డాక ఆ పిలుపు వినడం అదే మొదటిసారి. మాట గుచ్చుకున్నా పిలుపు బాగుంది. ఇంకో గంజు కొనుక్కొస్తానన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని, కుసుమ నూనె ఉందా అని అడిగింది.

ఇంట్లో లేదు. మర్నాడు పొద్దున్నే తెచ్చాను. వంటింట్లో ఏం చేయాలో మంచం మీది నుంచే అరిచి చెబుతుందనుకున్నాను. ఆమెకు అరిచే ఓపిక లేదు. గోడ పట్టుకుని, ఆగి, మళ్లీ గోడ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చి పీట మీద కూర్చుంది. సాయం పట్టడానికి లేచిన నన్ను చేత్తోనే ఆపి, గుడ్డ తీసుకొమ్మంది.

పోయిన నలుపు మళ్లీ పట్టాలంటే గంజు వేడి చేసి నూనె రాయాలి. రాసిన నూనె తుడిచేయాలి. నేను ధారాళంగా పోశాను. జీవితంలో ఒక్కసారి పిసినారితనం అవసరమైనచోట చెయ్యి జారవిడిచాను.

"తుడువుండ్రి. ఇంక తుడువుండ్రి. రాయనే లేదన్నట్టు ఉండాలె."

అలా తుడిచి, పొగ వచ్చేదాకా సెగ మీద ఉంచి, చల్లార్చి, మళ్లీ రాయడం. రోజూ దుకాణం తెరవకముందు మూడుసార్లు. కిటికీలన్నీ తెరిచినా ఇద్దరం దగ్గేవాళ్లం. ఎదురింటివాళ్లు ఏం మాడిందని వచ్చి అడిగారు. నా తెలివి అని చెప్పమంది నా భార్య. మొదట బెల్లం రంగు వచ్చింది, తర్వాత చింతగింజ రంగు. మధ్యమధ్య వండి చూసిన అన్నం పక్కింటి బర్రెకు పోయేది. ఆ బర్రెకు మాత్రం మా పాత సోనా మసూరి బాగా నచ్చింది.

ఆ పొద్దుల్లో ఆమె వాళ్లమ్మ గురించి చెప్పేది. అన్నలంతా తిని లేచాక, అందరికన్నా చిన్నదని తనను పిలిచి, గంజు అడుగున మిగిలిన మాడు గీకి చేతిలో పెట్టేదట. ఎర్రగా, వేడిగా, పట్టుకుంటే వేళ్లు చురుక్కుమనేవట. చేయి మార్చుకుంటూ, ఊదుకుంటూ వాకిలంతా తిరిగి తినేదట. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. పొద్దున్నే దుకాణానికి పరిగెత్తేవాడికి ఎవరు చెబుతారు?

పదోరోజు గంజు నల్లగా అయింది. వాళ్లమ్మ నలుపంత లోతు లేదు గానీ, నలుపే. ఆ రోజు ఆమె గుమ్మం దగ్గర కూర్చోలేదు. లోపలికి వచ్చి పొయ్యి పక్కన నిలబడింది. బియ్యం కడిగాను, నానబెట్టాను, ఎసరు మరిగాక వేశాను. గింజ పట్టి చూసి, ఇంకా పలుకు ఉండగానే గంజి వార్చమంది. తర్వాత సెగ తగ్గించి, మూత మీద తడిగుడ్డ వేసి, గంజును ముట్టుకోవద్దంది. ఉమ్మగిల్లేదాకా ఇద్దరం చెరో పీట వేసుకున్నాం. మూత సందులోంచి వస్తున్న వాసన చూస్తూ కూర్చున్నాం. వాసన చూడటమంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

మూత తీస్తే అన్నం తెల్లగా, గింజకు గింజ విడిగా లేచింది. కంచంలో పెట్టి ఇంత నెయ్యి, ఉప్పు వేశాను. అలవాటు కొద్దీ, ఎన్ని ముద్దలు అని అడగబోయాను. ఆమె అప్పటికే తింటోంది. ఏడు దాకా లెక్కపెట్టాను. ఇంతలో మాడు ఏదీ అని అడిగింది. మెత్తటివే తినాలని డాక్టరు చెప్పాడని గుర్తు చేశాను. ఆమె ఎడమ చెయ్యి చాపింది. గంటెతో గీకి పెట్టాను. వేడికి చేయి మార్చుకుంది. మళ్లీ మార్చుకుంది. కరకరమని కొరికింది. లెక్క ఎక్కడ తప్పిపోయిందో నేను చూసుకోలేదు.

కంచం ఖాళీ అయ్యాక, వదినెకు ఫోన్ చేసి వచ్చే వారం గంజు తెస్తామని చెప్పనా అని అడిగాను. ఆమె గంజు వంచి లోపలంతా చూసింది.

"ఇట్లనే తీస్కపోతే మా వదినె ముందట నా ఇజ్జత్ ఏం కావాలె? ఇంక నల్లగ కావాలె. రోజు వండాలె. తొక్కు పెట్టే దినాలకు నేనే తీస్కపోయి ఇస్త."

తొక్కు పెట్టే రోజులంటే ఇంకా ఆరు నెలలు. ఎవరు ఏ గడువు చెప్పినా తగ్గించమనే అలవాటు నాది. నోరు తెరిచాను కూడా.

"తొక్కు పెట్టినంక పోదాం. ఒకటి రెండు నెలలు ఎక్కువైనా పర్వాలేదు," అన్నాను.

ఆమె నా వైపు తేరిపార చూసి, ఏమైంది ఈ సేటుకు అన్నట్టు తల అడ్డంగా ఊపి, జాడీలు మాత్రం ఇప్పుడే చూసి పెట్టమంది. పాతవాటికి అంచులు పగిలాయట. నేను సరేనని గంజు ఒట్టి నీళ్లతో కడిగి, సెగకు ఆరబెట్టి, ఇంత నూనె రాసి, రాయనే లేదన్నట్టు తుడిచాను.