గొర్ల మీద ఒట్టు

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా కడుపులో ఉంది. నోట్లో నువ్వుగింజ నానదని మా వాడకట్టులో నాకు పేరు. అలాంటిదాన్ని, ఈ ఒక్క మాట మాత్రం మింగి కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ముందే ఒక సంగతి. నా పెనిమిటిని మోసం చేశాను. దానికి ఏడ్చేది లేదు. ఆ రోజు మళ్లీ వస్తే మళ్లీ అదే చేస్తాను. మరి బరువేమిటి అంటారా? ఆగండి, అక్కడికే వస్తున్నాను. అక్కడికి రావడానికే ఇన్నేళ్లు పట్టింది.

మాది పెద్దేముల్ దగ్గర గొర్రెలు కాసే కురుమోళ్ల ఇల్లు. నడక వచ్చినప్పటినుంచీ మంద వెనకే తిరిగాను. మా నాయన నాకు నేర్పింది చూపు. జీవాన్ని ముందునుంచి చూడొద్దనేవాడు, ముందునుంచి అన్నీ అందంగానే ఉంటాయట. వెనకనుంచి నడక చూడాలి, పక్కనుంచి డొక్క ఎగిరే తీరు చూడాలి, కాలు నేలకు తగిలేటప్పుడు తల చూడాలి. నొప్పి ఉన్న జీవం దాన్ని దాచుకుంటుంది. తల మాత్రం దాచలేదు. నొప్పి ఉన్న ముందుకాలు కింద పడగానే తల కాస్త పైకి లేస్తుంది. పెళ్లయినప్పుడు నాయన ఆరు గొర్రెలను నా పేరు చెప్పి తోలాడు. తాండూరు చివర మా ఇంటి వెనక అవి ఇరవై ఆరు అయ్యాయి. మా ఆయన బండల పాలిష్ పనికి పోయేవాడు. గొర్రెలు నావి. ఈ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఆయనకు గుర్రప్పందేల పిచ్చి. పని లేని రోజు రైలెక్కి పట్నం పోయేవాడు, ఉత్త చేతులతో వచ్చేవాడు. రేసు పుస్తకంలో గుర్రం పేరు బాగుంటే చాలు, దాని మీద కట్టే రకం. ఒకసారి సరదాకు నన్నూ తీసుకుపోయాడు. పరుగుకు ముందు గుర్రాలను కంచె వేసిన గుండ్రటి జాగాలో నడిపిస్తారు. జనం ఆ కంచె పట్టుకుని చూస్తారు. అందరూ పుస్తకాలు చూస్తుంటే నేను కాళ్లు చూశాను. ఆ ఎర్ర గుర్రం గెలుస్తుందన్నాను. గెలిచింది. తర్వాతి పందెంలో ఇంకొకటి చెప్పాను. అదీ గెలిచింది. అబద్ధమెందుకు, గర్వంతో నా ఒళ్లు పొంగింది. పదో తరగతి తప్పిన దాని మాట కోసం ఇస్త్రీ చొక్కాల మగాళ్లు మెడలు చాచారు. ఆ తర్వాత ప్రతిసారీ వెంట పోయాను. అన్నీ నిజం కాలేదు, గుర్రం మనసులో ఏముందో జాకీ మనసులో ఏముందో నాకేం తెలుసు? కానీ తప్పిన వాటికంటే తగిలినవే ఎక్కువ. ఆయన పిచ్చికి కట్టెలు ఎగదోసింది నేనే. అది కూడా ఒప్పుకుంటున్నాను.

ఆ చలికాలానికి ఆయన పనికి పోవడమే తగ్గించాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు తయారయ్యాడు. ఆ రోజు పొద్దున రైలు వికారాబాద్ దాటాక చల్లగా చెప్పాడు. ఈరోజు నా చూపు నిలబడితే మందంతా అమ్మేసి, వచ్చే నెల ఒక్కసారే పెద్దగా కడతాడట. కొడంగల్ వ్యాపారితో మాటలు కూడా అయ్యాయట. నన్ను అడగలేదు. నా కన్నును చూసుకునే నా గొర్రెలను పోగొట్టబోతున్నాడు. నేను కిటికీలోంచి కంది చేలు చూస్తూ కూర్చున్నాను.

మొదటి పందెంలో నిజమే చెప్పాను. నోరు ఆగలేదు. చెప్పిన గుర్రమే గెలిచింది. ఆయన అక్కడే నిలబడి వ్యాపారికి ఫోన్ చేశాడు, ఎల్లుండి వచ్చి మందను తోలుకుపొమ్మని. ఫోన్ జేబులో వేసుకుని నా పక్కకు వచ్చేసరికి రెండో పందెం గుర్రాలు తిరుగుతున్నాయి.

రెండో నంబరుది మంచి నడక. వెనక గిట్ట ముందు గిట్ట అడుగును దాటి పడుతోంది, డొక్క నిమ్మళంగా ఉంది. ఐదో నంబరు నల్లటిది, నిగనిగలాడుతోంది, అందరి కళ్లూ దాని మీదే. కుడి ముందుకాలు నేలకు తగిలినప్పుడల్లా దాని తల వేలెడంత పైకి లేస్తోంది. వేలెడంతే. మందలో పెరిగినవాళ్లకు తప్ప అది కనపడదు. కనపడలేదని నేను ఎవరినీ అనను.

"ఏదే? జల్ది జెప్పు," అన్నాడు.

"ఐదు."

"ఐదా? రెండు మంచిగ నడుస్తున్నది గద?"

"నడుస్తది గని ఉరకది. ఐదే గెలుస్తది."

"గట్టిగ జెప్తున్నవా? ఉన్నదంత పెడ్త మరి."

"గొర్ల మీద ఒట్టు."

మా ఇళ్లలో దేవుడి మీద ఒట్టేసి తప్పినవాళ్లు ఉన్నారు. పిల్లల మీద ఒట్టేసి తప్పినవాళ్లూ ఉన్నారు. గొర్రెల మీద ఒట్టేసి తప్పినవాళ్లు మాత్రం లేరు. తప్పితే మందకు రోగం తగులుతుందంటారు. అది ఆయనకు తెలుసు. అందుకే ఇంకో మాట అడగకుండా టికెట్ల కిటికీ వైపు ఉరికాడు. నా మందను కాపాడుకోవడానికి నా మంద మీదే అబద్ధపు ఒట్టు వేశాను. వేస్తాను, ఎందుకు వేయను? అడగకుండా నా సొత్తుకు బేరం పెట్టినవాడికి నిజం చెప్పాలని ఏ రూల్లో ఉంది?

ఇంతవరకూ నాకు సిగ్గు లేదు. ఇక మిగిలింది చెప్పాలి.

ఆయన వెళ్లాక నేను కంచె దగ్గరే ఉన్నాను. గుర్రాన్ని నడిపించే సాయిసు, నెరిసిన మీసాల పెద్దమనిషి, ఐదో నంబరును పట్టుకుని నా ముందునుంచి పోయాడు. మళ్లీ తిరిగి వచ్చాడు. మూడోసారి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా వచ్చాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. ఎందుకు? పల్లెటూరి ఆడదాని మాట ఎవరు వింటారని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. పచ్చి అబద్ధం. వింటాడేమోనన్నదే నా భయం. వింటే ఆ గుర్రాన్ని పందెంలోంచి తప్పిస్తారు, కట్టిన డబ్బు ఆయన చేతికి తిరిగి వస్తుంది, నన్ను ఇంకో నంబరు అడుగుతాడు, ఎల్లుండి వ్యాపారి మా ఇంటి ముందుంటాడు. ఆ నొప్పి కాలు నాకు కావాలి. ఆ కాలుతోనే అది ఉరకాలి, ఓడాలి. ఓడుతుందనే అనుకున్నాను. అంతేనా? నొప్పి కాలును ఉరికిస్తే ఏమవుతుందో మా నాయన బిడ్డకు తెలియదా?

మలుపు తిరిగాక నల్ల గుర్రం అన్నిటికంటే ముందుకు వచ్చింది. ఆయన గొంతు చించుకుంటున్నాడు. ఒక్కసారిగా దాని తల పైకి లేచింది, ఈసారి అందరికీ కనపడేంతగా, తర్వాత ముందుకు కూలింది. జాకీ దొర్లి లేచాడు. గుర్రం కూడా లేచింది, మూడు కాళ్ల మీద. రెండో నంబరు గెలిచిందని మైకులో చెబుతున్నారు. మనుషులు వచ్చి నల్ల గుర్రం చుట్టూ తెర పట్టారు. కాలు విరిగిన గుర్రాన్ని అక్కడే సూది వేసి చంపేస్తారని పక్కనెవరో అన్నారు. తెర తీశాక అది లేదు.

తాండూరులో దిగాక ఆయన, "నీ కన్ను పొయ్యిందే," అన్నాడు. వ్యాపారిని రావద్దన్నాడు. మళ్లీ రేసులకు పోలేదు, ఎవరి చూపు నమ్ముకుని పోతాడు? మంద నలభై దాటింది. ఏ రోగమూ రాలేదు. నా కోపమంతా దాని మీదే. ఒక్క గొర్రెయినా పోయి ఉంటే నాకు శిక్ష పడిందనుకుని నిమ్మళంగా ఉండేదాన్ని.

పోయిన కన్ను పోయినట్టే ఉండాలి కదా. పరిగి అంగడిలో ఆయన జీవాలను బేరం చేస్తుంటే నేను ఎటో చూస్తాను. పోయిన నెల ఒక పొట్టేలును తెచ్చి మురిసిపోయాడు. దాని తల లేవడం నేను అంగడిలోనే చూశాను. ఆయన లేనప్పుడు గిట్ట సందులోంచి ముల్లు తీసి, పసుపు పెట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. ఆ మర్నాడే ఇది రాయడం మొదలుపెట్టాను.

ఆయన దీన్ని చదవడు. చదివినా నాకు ఫికర్ లేదు. క్షమించమని మిమ్మల్నీ అడగను, క్షమించడానికి ఆ గుర్రం మీది కాదు. సాయిసు మూడోసారి నా ముందునుంచి పోయినప్పుడు నాలుక మీద ఆగిపోయిన మాట ఒకటుంది. దాన్ని ఇక్కడ దించి పోతాను, ఆ రోజు ఎలా అనవలసిందో అలాగే.

"ఓ పెద్దాయనా, జర ఆగు. దీని కుడి ముందటి కాలు నొస్తున్నది. ఉరికియ్యకు."