కాంతం చెవి ఎత్తు

కాంతం కోపం సంగతి కొత్తవలస బాప్టిస్టు సంఘంలో అందరికీ తెలుసు. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో లేచి నిలబడి, "అయ్యగారూ, మైకు నోటికాడ ఎట్టుకోండి. బొత్తాలకాడ ఎట్టుకుంటే మాకేటి ఇనపడతాది," అని పాస్టరు గారికే చెప్పిన మనిషి ఆవిడ. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. వినపడకపోవడంలో నవ్వడానికి ఏముందో ఆవిడకి ఎప్పుడూ అర్థం కాలేదు.

ఇరవై నాలుగేళ్లు ఆవిడ జూట్ మిల్లులో, నూలు తీసే మిషన్ల మధ్య నిలబడి పనిచేసింది. అక్కడి మోతలో తన దగ్గు తనకే వినపడేది కాదు. ఆడవాళ్లంతా ఒకరి పెదాలు ఒకరు చూసి మాట్లాడుకునేవారు. మూడు మిషన్ల అవతల ఉన్న మనిషి ఇవాళ ఏం వండుకొచ్చిందో పెదాలు చూసి చెప్పేసేవారు. చెవుల్లో పెట్టుకోవడానికి ఇంత దూది కూడా ఎవరూ ఇవ్వలేదు. మిల్లు మూతపడి ఇంట్లో కూర్చున్నాక గాని చెవులు ఎంత పోయాయో ఆవిడకి తెలిసిరాలేదు.

విజయనగరంలో చెవి డాక్టరు ఆవిడని అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాడు. లావు చప్పుళ్లు బాగానే వినపడతాయనీ, సన్నవి పోయాయనీ చెప్పాడు. అంటే లారీ వినపడుతుంది, మాట వినపడదు. 'సంత' అంటే 'అంత' అని తెలుస్తుంది. 'పాలు', 'కాలు', 'తాలు' మూడూ ఒకటే. చెవికి మిషను కూడా ఇచ్చారు. అది పెట్టుకుంటే కుక్కరు విజిల్ బుర్రలో దిగబడేది, మాటలు మాత్రం అలాగే ఉండేవి. నెల తిరక్కుండా దాన్ని తీసి బీరువాలో పడేసింది.

భర్త థామస్ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేస్తూ, కొడుకు సంజయ్ ఇంటర్ చదువుతుండగానే పోయాడు. సంజయ్ పెద్దవాడై సెల్ టవర్లు చూసే కంపెనీలో సూపర్‌వైజరయ్యాడు. కోడలు రూబీ ప్రైవేటు స్కూల్లో టీచరు. 2016లో వాళ్లు పాత పెంకుటింటి ముందు భాగం తీసేసి కొత్త హాలు కట్టారు. ఒక గోడ గోడంతా జోగయ్య అనే వడ్రంగి చేత టీవీ యూనిట్ చేయించారు. కింద అద్దాల అరల్లో రూబీ టీ సెట్లు, సంజయ్ గెలిచిన వాలీబాల్ కప్పులు. వాటికి పైన, రైల్వే ప్లాట్‌ఫాం మీద ఉన్నట్టు, తలెత్తి చూడాల్సినంత ఎత్తులో టీవీ.

కాంతానికి పొద్దుపోకకి ఉన్నది ఆ టీవీ ఒక్కటే. వార్తలు చదివే అమ్మాయి పెదాలు చూసి సగం పట్టుకునేది. సీరియళ్లతోనే చిక్కు. అవన్నీ హిందీ నుంచి డబ్బింగు చేసినవి. పెదాలు ఒకటి అంటాయి, మాట ఇంకొకటి వస్తుంది. అందుకని సౌండు పెంచేది. పక్కింటి వాళ్లు కిటికీలోంచి అరిచేవారు.

"అమ్మ కోసమే కొంటన్నాను," అని సంజయ్ ఒక శనివారం టీవీకి తగిలించే పొడుగు స్పీకరు, సౌండ్‌బార్, తెచ్చాడు. శృంగవరపుకోటలో కొన్న షాపు నుంచి త్రినాథ్ అనే కుర్ర మెకానిక్ బిగించడానికి వచ్చాడు. "ఎక్కడ కొట్టమంటారు సార్," అని అడిగాడు. కింద అరల్లో చోటు లేదు. టీవీ పైన అయితే డిజైన్‌లో కలిసిపోతుందంది రూబీ. ఆరున్నర అడుగుల ఎత్తున, అందరి తలల కంటే పైన, బార్ బిగించాడు. దానితో వచ్చిన లావు మోత డబ్బా, ఊఫర్, పెట్టడానికి ఖాళీగా ఉన్న మూల ఒకటే. సరిగ్గా కాంతం కూర్చునే పొట్టి కుర్చీ వెనకాల. సోఫాలో కూర్చుంటే ఆవిడ కాళ్లు నేలకి అందక వాచిపోతాయి. ఆ కుర్చీ తప్ప ఆవిడకి వేరే చోటు లేదు.

బిగించడం అయ్యాక అందరూ మెచ్చుకున్నారు. కాంతానికి మాత్రం వెనకాల ఎవరో పరుపు దులుపుతున్నట్టు దబదబ వినపడింది. మాటలు ఆవిడ తల మీదుగా ఎటో పోయాయి. ముందున్న దానికంటే తగ్గాయి.

రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు రూబీ స్కూలు నుంచి నలుగురు టీచర్లు కొత్త హాలు చూడటానికి వచ్చారు. టీవీలో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. "ఏటన్నాదిరా," అని కాంతం కొడుకుని అడిగింది. అతను చెప్పలేదు. మళ్లీ అడిగింది.

"నీకు ఎంత పెద్దది కొన్నా అంతేనే అమ్మా," అన్నాడు సంజయ్ వచ్చినవాళ్ల వైపు తిరిగి నవ్వుతూ. "మార్చాల్సింది బార్ కాదు. నీ సెవులు."

ఆ మాట ఆవిడకి స్పష్టంగా తెలిసింది. పెదాలు ఎదురుగానే ఉన్నాయి. టీచర్లు కూడా నవ్వారు. కాంతం లేచి వంటింట్లోకి వెళ్లి, టీలు పెట్టి, కప్పులు పళ్లెంలో ఠంగుఠంగుమని పెట్టి, తేకుండా అక్కడే వదిలేసింది.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ పనుల్లోకి పోగానే ఆవిడ తలుపు గడియ పెట్టింది. వంటింటి స్టూలు తెచ్చి ఎక్కింది. అరవయ్యొక్క ఏళ్ల మనిషి, ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో బార్‌ని మేకుల మీంచి పైకెత్తి కిందికి దింపింది. నిన్నటి నవ్వు ఇంకా ఒంట్లోనే ఉంది.

వార్తల ఛానల్లో అరగంటకోసారి ముఖ్యాంశాలు మళ్లీ మొదటి నుంచి చదువుతారు. మొదటిసారి పెదాలూ, తెర కింద పడే అక్షరాలూ చూసి పది వార్తలూ తెలుసుకుంది. రెండోసారి కళ్లు మూసుకుని, చెవితో ఎన్ని దొరుకుతాయో వేళ్ల మీద లెక్క పెట్టింది. బార్‌ని నేల మీద పెడితే నాలుగు దొరికాయి. టైల్స్ మీద సౌండు జారిపోయి గది అంతా గోలయింది. కప్పులు జరిపి అరలోపలికి తోసి పెడితే రెండే. చెక్కపెట్టెలో కూర్చుని ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంది. అదే బార్‌ని అర అంచు దాకా ముందుకి లాగితే అయిదు. కిటికీ అద్దం మీద దుప్పటి కట్టింది, ఆరు. ఊఫర్‌ని మూల నుంచి లాగి గుమ్మం పక్కన పెట్టింది. దబదబ తగ్గింది, మాట బయటికొచ్చింది.

చివరికి రెండు బియ్యం డబ్బాల మీద పలక వేసి, దాని అంచున బార్ పెట్టి, కుర్చీలో కూర్చున్నప్పుడు తన చెవికి సరిగ్గా ఎదురుగా వచ్చేదాకా కింద పాత పుస్తకాలు పెడుతూ పోయింది. కళ్లు మూసుకుంది. ఎనిమిది. కాకినాడలో ఏదో సభ, నెల్లూరులో వాన, 'సంత'లో 'స'. కుట్టు మిషను డ్రాయర్‌లోంచి టేపు తీసి కొలిచింది. ముప్పై నాలుగు అంగుళాలు. గోడ మీద పెన్సిలుతో గీత గీసింది.

అన్నేళ్లుగా తన చెవుల మీద తనకే ఉన్న అసహ్యం ఆ ఎనిమిదితో పోయింది. దాని చోట్లోకి అసలైన కోపం వచ్చింది.

సాయంత్రం సంజయ్ వచ్చి చూసి చెప్పులు విడవకుండానే మొదలెట్టాడు. "ఏటమ్మా ఇది, టీ కొట్టులాగ. మేకుల మీంచి ఊడదీసినావేటి."

"కూకో. ఇను."

"నాకు అక్కడున్నా ఇనపడతాది, ఇక్కడున్నా ఇనపడతాది."

"అదేరా నాను సెప్తన్నది. నీ సెవులు బాగున్నాయి, దాన్ని ఎక్కడెట్టినా ఇనగలవు. పాడైన సెవికి ఎదురుగా ఎట్టాల."

"అత్తయ్యా, మనిషికో ఎత్తులో పెట్టుకోలేం కదా," అంది రూబీ. "హాలంతా పాడైపోయింది."

"హాలుకి సెవులున్నాయేటి," అంది కాంతం.

సంజయ్ ఇంకేమీ మాట్లాడకుండా స్టూలెక్కి బార్‌ని మళ్లీ పైన తగిలించాడు. ఊఫర్‌ని మూలకి తోశాడు. కాంతం చూస్తూ నిలబడింది. మర్నాడు పొద్దున్న వాళ్లు వెళ్లగానే చెప్పులేసుకుని జోగయ్య ఇంటికి వెళ్లింది.

జోగయ్య వచ్చి యూనిట్ ముందు నిలబడి మెడ గోక్కున్నాడు. "నా సేత్తో సేసింది నన్నే కొయ్యమంటావేటి అప్పా. సంజయ్ ఊరుకుంటాడా."

"ఈ ఇంటి పునాది నా రెక్కల మీద లేసింది. అడిగితే కాంతం కొయ్యమన్నాదని సెప్పు."

మధ్యాహ్నానికి రెండు అద్దాల అరలు పోయాయి. వాటి చోట ముప్పై నాలుగు అంగుళాల ఎత్తున, గోడ నుంచి బాగా ముందుకొచ్చిన ఒక పలక వచ్చింది. బార్‌కి ముందూ పక్కలా చెక్క ఏదీ అడ్డం లేదు. టీవీని దింపడానికి త్రినాథ్‌కి ఫోన్ చేయించింది. అతను వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇలారా. ఈ కుర్చీలో కూకో," అంది కాంతం. కూర్చున్నాక టీవీ పెట్టి, తన రెండు అరచేతులతో అతని చెవులు గట్టిగా మూసింది. "ఇప్పుడు సూడు. ఆ కొసన నువ్వు బిగించిన కాడి నుంచి మాట ఈడికి ఎలా వస్తాదో సెప్పు."

"షాపులో ఎక్కడ కొట్టమంటే అక్కడ కొడతాం పెద్దమ్మా."

"ఈ ఇంట్లో ఎవరికి ఇనపడదు, ఎవరు ఎక్కడ కూకుంటారు అని ఒక్క మాట అడిగినావా."

అడగలేదన్నాడు. అతని మొహం ఎర్రబడింది. టీవీని అడుగున్నర కిందికి దింపి, బార్‌ని పలక అంచున కూర్చోబెట్టి, ఊఫర్‌ని గుమ్మం పక్కకి జరిపి, రిమోట్‌లో ఏవో నొక్కి మోత తగ్గించి మాట పెంచాడు. ఆ బొత్తం ఉందని మొదటి రోజు ఎవరికీ చెప్పలేదు. దాని మీద కూడా కాంతం అతన్ని వదల్లేదు.

సంజయ్ వచ్చాడు. కప్పులు ట్రంకుపెట్టె మీద వరసగా ఉన్నాయి. అద్దాల అరలు గోడకి ఆనించి ఉన్నాయి. అతను గట్టిగా అరిచాడు. ఏమన్నాడో కాంతానికి సగమే తెలిసింది, ఎందుకంటే అటు తిరిగి అరిచాడు.

"ఇటు తిరిగి అను," అంది ఆవిడ.

అతను తిరగలేదు.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెల దాకా ఆ మిషన్ల కాడే నిలబడినాను. నా సెవులు సంతలో పారేసుకోనేదు. వచ్చినోళ్ల ముందు నవ్వినావు. ఇప్పుడు నా మొకం సూసి అను ఆ మాట."

సంజయ్ తిరిగాడు. ఆవిడ మొహం చూసి, అటు నుంచి అటే బయటికి పోయాడు. రూబీ అత్తగారి పొట్టి కుర్చీలో కూర్చుంది. వార్తలు పెట్టి విన్నది. లేచి కప్పులు తీసుకెళ్లి పడకగది అలమరలో సర్దింది. క్షమించమని అడగలేదు. కాంతమూ దాన్ని ఆశించలేదు.

సంజయ్ తల్లితో దాదాపు నెల మాట్లాడలేదు. ఆ నెలలో కాంతం తన సీరియల్ మొదటిసారిగా పూర్తిగా విన్నది. అత్తా కోడళ్లు అయిదు రోజులు ఒకే మాట మీద ఏడుస్తున్నారని తెలిసి ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ వీళ్లు ఏదో గొప్ప సంగతి మాట్లాడుకుంటున్నారనుకుని మెడ నొప్పి పెట్టేలా చూసినందుకు ఇంకా మండింది. సీరియల్ మానేసి వార్తలకి మారింది. అక్కడా కోపానికి కొదవ లేదు. కొడుకు మళ్లీ మాట కలిపినప్పుడు, అన్నం తింటూ, ఆవిడ వైపు తిరిగి, కొంచెం నిదానంగా మాట్లాడాడు.

ఎండాకాలంలో మిల్లులో తనతో పనిచేసిన గురమ్మ చర్చి బయట కలిసింది. కొడుకు కొత్త టీవీ కొన్నాడట. సౌండు పెంచుతోందని రిమోట్ దాచేస్తున్నారట. గురమ్మ ఆ మాట నవ్వుతూ చెప్పింది.

"నవ్వకు," అంది కాంతం. "మీ ఓడు ఇంటికాడ ఎప్పుడుంటాడు."

"ఆదివారం మద్యాన్నం. ఎందుకే."

"ఉండమను. నువ్వు ఎక్కడ కూకుంటావో అక్కడే కూకో, జరగకు. నాను టేపు అట్టుకొస్తాను."