పగలొచ్చిన రాత్రి కాల్స్

మూడు వారాల్లో పోయినవి ఇవి: నలభై ఒక్క ఫోన్ కాల్స్, ఆరు లారీల దాణా ఆర్డర్లు, ఇద్దరు పాత డీలర్లు, ఒక ఆపరేటరు మీద ఆఫీసుకున్న నమ్మకం. నా లెక్క మీద నాకున్న ధీమాను వేరే వరుసలో రాసుకున్నాను.

శామీర్‌పేట దాటాక, కరీంనగర్ రోడ్డు మీది నుంచి లోపలికి పోతే కోళ్ల దాణా కంపెనీ ఒకటి ఉంది. అక్కడి ఫోన్ ఎక్స్ఛేంజి చూసేది నేను. మేడ్చల్ నుంచి నెలకోసారి బండి మీద పోయొస్తాను. ఈ పని నాకెవరూ నేర్పలేదు. పదో తరగతితో చదువు ఆపి, తీగల రంగులు లెక్కపెట్టుకుంటూ, ఏ జత ఏ గదికి పోతుందో నోటుబుక్కులో రాసుకుంటూ నేర్చుకున్నాను.

పగలు ఫోన్ చేస్తే మోగుతూనే ఉంటుందనీ, ఎత్తేవాళ్లుండరనీ డీలర్లు మేనేజరుకు చెప్పారట. ఆయన నన్ను పిలిపించారు. నాలుగు లైన్లు, ఇరవై నాలుగు ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటే చూశాను. గోడ మీది డబ్బా విప్పి జాయింట్లు మళ్లీ బిగించాను. నా సెల్ నుంచి పదిసార్లు చేస్తే పదిసార్లూ ఆపరేటరు బల్ల మీదే మోగింది. మిషను దాచుకున్న జాబితాలో పగలు ఎత్తని కాల్స్ రెండే ఉన్నాయి. డీలర్లు చెప్పేదానికి ఆ రెండూ చాలవు. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. అర్ధరాత్రి దాటాక వచ్చినవి మాత్రం చాలా ఉన్నాయి. ఆఫీసు లేని వేళవి కదా అని లెక్కలోంచి తీసేశాను.

ఆపరేటరు నా వయసు మనిషే. యాప్రాల్ నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. కరెంటు పోయొచ్చిన రోజు ఫోన్లే రావడం లేదని ఆమె అప్పుడే చెప్పింది. కరెంటు లేకపోతే రైతులూ ఫోన్లు చార్జింగు పెట్టుకోవాలి కదా అని నవ్వాను. పోతూ పోతూ లైన్లు బాగున్నాయి, ఎక్స్ఛేంజి బాగుంది అని రాసి సంతకం పెట్టాను. ఆ రెండు వాక్యాల తర్వాత తప్పు పట్టడానికి మిగిలేది ఆమె ఒక్కతేనని తోచలేదు.

వారం తర్వాత మేనేజరు మళ్లీ పిలిచారు. ఒకటో తారీఖు నుంచి ఆమెను రావద్దన్నారట. కాల్స్ అన్నీ అకౌంట్స్ బల్లకు పోయేలా మార్చమన్నారు. మార్చేముందు జాబితా ప్రింటు తీశాను. డ్రాయరు ఖాళీ చేస్తున్న ఆమె వంగి కాగితం చూసింది.

"అన్నా, రాత్రి రెండింటికి కోళ్ల దాణా ఎవలడుగుతరే?"

నేను లేచి ఎక్స్ఛేంజి ప్లగ్గు పీకి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ పెట్టాను. మిషనులోని గడియారం పన్నెండు చూపించింది, అర్ధరాత్రి పన్నెండు. సెల్ నుంచి ఆఫీసుకు చేశాను. బల్ల మీది ఫోన్ పలకలేదు. ఎక్కడో దూరంగా, గేటు పక్క గదిలో మోగుతోంది. పగలు ఆ గదికి తాళం. వాచ్‌మన్ లారీల కాంటా దగ్గరుంటాడు.

రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా కాల్స్ గేటుకు పోవాలని పెట్టింది నేనే. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే రూపాయి బిళ్లంత బ్యాటరీ లోపల అయిపోయింది. పొద్దున పదిన్నరకు కరెంటు పోయొస్తే, ఆ రోజంతా మిషనుకు రాత్రే. నెలనెలా గడియారం సరిగ్గా ఉందని చూసి టిక్కు పెట్టాను గానీ ప్లగ్గు పీకి చూడలేదు. పొద్దున రాగానే టైము సరిచేయమని ఆమెకు నేర్పింది కూడా నేనే. అందుకే నేను వచ్చేసరికి అన్నీ బాగుండేవి.

సంగతి చెప్తే మేనేజరు నా పాత కాగితం తీసి ముందు పెట్టారు.

"బాగుందని మీరే రాసిచ్చారు కదండీ?"

"నేనే రాశానండి. తప్పు రాశాను."

దాని కిందే, అదే కలంతో, జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, ఆమెను పిలిచి, రేపు కూడా రమ్మన్నారు. సారీ చెప్పలేదు.

బ్యాటరీ మార్చాక ఆమె జాబితా అడిగింది. అందరికీ నేను చేసి చెప్తానన్నాను.

"నువ్వెందుకన్నా? ఫోనెత్తలేదని అనుకున్నది నన్ను. నేనే చెప్త."

నేను నంబర్లు చదివాను, ఆమె చేసింది. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. తూంకుంట రైతు ఒకాయన గొంతు నా దాకా వినిపించింది: "నీ ఫోన్ కోసం కోళ్లు ఉపాసముంటయా తల్లీ?" ఉండవు బాపూ అని ఆమె ఒప్పుకుంది. ఆ సాయంత్రానికి ముప్ఫై ఒక్కమంది దొరికారు. మరుసటి వారంలో ఏడుగురు.

మిగిలిన నంబర్లు నా నోటుబుక్కు చివరి పేజీలో ఉన్నాయి. ఒకటి స్విచ్ఛాఫ్, ఒకటి పనిచేయడం లేదంటుంది, ఒకటి మోగి మోగి ఆగిపోతుంది. నెలకోసారి అక్కడికి పోయినప్పుడు ముందు ప్లగ్గు పీకి గడియారం చూస్తాను. తర్వాత ఆమె ఆ నంబర్లకు చేస్తుంది. మొన్న కూడా చేసింది.

నలభై ఒకటిలో ముప్ఫై ఎనిమిది పోగా, ఇంకా మూడు.